అకనానూఱు పెళ్లి పద్యం: ఒక ఆన్‌లైన్ తరగతి

సంగం కవిత్వాన్ని, అంటే ప్రాచీన తమిళ కవిత్వాన్ని, తెలుగులో చెప్పే ఒక ఆన్‌లైన్ తరగతిలో మొన్న రెండు గంటల పాటు అకనానూఱు అనే ప్రేమ పద్యాల సంకలనంలోని 86వ పద్యం ఒక్కటే చదివాము. వివాహాన్ని వర్ణించిన అతి ప్రాచీన ప్రేమ పద్యాల్లో అది ఒకటి. పందిరి కింద కొత్త ఇసుక పరవడం, మినుములు కలిపి వండిన అన్నం వడ్డించడం, బిడ్డలను కన్న నలుగురు స్త్రీలు పూలూ వడ్లూ కలిపిన నీళ్లు వధువు తలపై పోసి, కట్టుకున్నవాడు మెచ్చే ఇల్లాలివి కమ్మని దీవించడం అందులో కనిపిస్తాయి. హోమం గానీ తాళి గానీ ఆ వర్ణనలో లేవని ఉపాధ్యాయురాలు చూపించినప్పుడు, మన తలంబ్రాలు గుర్తుకు వచ్చి నా మనసు పులకించింది.

అయితే ఈ తంతునంతా పద్యంలోని నాయకుడే, అంటే వరుడే, గుర్తు చేసుకుంటున్నాడన్నది అసలు కీలకం. ఆ రాత్రి కొత్త చీరలో ముడుచుకున్న ఆమె ముఖం మీది ముసుగు తొలగించి, నీ మనసులో ఏముందో చెప్పమని అడిగితే, ఆమె సిగ్గుతో తల వంచుకుంటుంది. ఆ ఒక్క ఘట్టానికే ఉపాధ్యాయురాలు అరగంట కేటాయించడం ఎంతో సముచితంగా ఉంది. మూలపాఠాన్ని తెలుగు లిపిలో ఇవ్వకపోవడం మాత్రం పెద్ద లోటు. పద్యపు నడక చెవికి అందినా కంటికి అందలేదు. అయినా తమిళం రానివారు సైతం నిస్సంకోచంగా చేరవచ్చు.