సీతాకోకచిలుకల తోట కిట్: మకరందం ఉంది, ఆకు లేదు

సీతాకోకచిలుకల తోటకు కావలసిన సరంజామా అంతా ఒకే పెట్టెలో ఉందని చెప్పి అమ్మే కిట్లు ఈ మధ్య ఆన్‌లైన్ దుకాణాల్లో విరివిగా కనిపిస్తున్నాయి. నేను తెప్పించి ఒక పూత కాలమంతా వాడి చూసిన కిట్‌లో రకరకాల పూల విత్తనాలు కలిపిన పొట్లం, ఎర్రటి స్పాంజి పువ్వు అమర్చిన ప్లాస్టిక్ పళ్లెం, నిలువు చీలికలున్న చెక్క గూడు, సాగు సూచనలు అచ్చువేసిన మడత కాగితం ఉన్నాయి. పెట్టె మీది పేర్లు మారినా లోపలి సరుకు ఇంచుమించు ఇదే కనుక తయారీదారు పేరు ఇక్కడ ప్రస్తావించడం లేదు.

విత్తనాల పొట్లంతో మొదలుపెడతాను, ఎందుకంటే పెట్టె మొత్తంలో పనికివచ్చేది ప్రధానంగా అదే. అందులో జినియా, కాస్మోస్, బంతి, కార్న్‌ఫ్లవర్, అలిస్సమ్ ఉన్నాయని లేబుల్ చెబుతోంది. పొట్లాన్ని తెల్ల కాగితం మీద ఒంపి చూస్తే సగానికి పైగా పొట్టు, వర్మిక్యులైట్ అనే తేలికపాటి ఖనిజపు పలుకులే కనిపించాయి. సన్న విత్తనాలు ఒకేచోట గుట్టగా పడకుండా సమంగా చల్లడానికి ఇటువంటి పూరకం కలపడం వాడుకలో ఉన్న పద్ధతే కాబట్టి దాన్ని మోసమని అనలేము. అయితే పెట్టె మీద వేసిన బరువులో విత్తనం ఎంత, పొట్టు ఎంత అన్నది ఎక్కడా రాయకపోవడం మాత్రం సమర్థనీయం కాదు.

అంతకంటే పెద్ద చిక్కు విత్తనాల కలయికలోనే ఉంది. జినియా, కాస్మోస్, బంతి వెచ్చని నేల కోరే మొక్కలు. కార్న్‌ఫ్లవర్, అలిస్సమ్ చల్లని వాతావరణంలో బాగా పెరిగేవి. అన్నిటినీ ఒకేసారి చల్లితే, ఏ కాలంలో చల్లినా, ఏదో ఒక వర్గం వెనకబడక తప్పదు. పైగా విత్తనాల మీద ఒక సెంటీమీటరు మందాన మట్టి కప్పమని కాగితం చెబుతుంది. జినియాకు, బంతికి ఆ లోతు ఇబ్బంది కాదు; అలిస్సమ్ విత్తనం మాత్రం ఇసుక రేణువంత ఉంటుంది, మొలకెత్తడానికి దానికి వెలుతురు కావాలి. సూచనను అక్షరాలా పాటించినవారికి అలిస్సమ్ మొలక కనిపించదు, విత్తనం పాతదేమోనని వారు అనుకుంటారు. పొట్లాన్ని సన్నని జల్లెడలో ఒకసారి ఆడించి, కిందికి రాలిన సన్నపు గింజలను తడి మట్టి మీద ఊరికే చల్లి అరచేత్తో అదిమితే సరిపోతుంది. ఈ ఒక్క వాక్యం కాగితంలో చేర్చడానికి తయారీదారుకు ఖర్చేమీ కాదు.

మొలిచిన మొక్కల్లో జినియాయే అన్నిటికన్నా ఎక్కువ సీతాకోకచిలుకలను రప్పించింది. దీనికి కారణం పువ్వు నిర్మాణంలో ఉంది. మనం ఒక పువ్వుగా చూసేది నిజానికి చాలా చిన్న పువ్వుల గుత్తి. చుట్టూ ఉన్న వెడల్పాటి రంగు రేకులు వాలడానికి చోటిస్తే, నడుమ పసుపుపచ్చని నక్షత్రాల్లా విచ్చుకునే సన్నని గొట్టాలలో మకరందం ఉంటుంది. ఆ గొట్టాలు అన్నీ ఒకేరోజున తెరుచుకోవు. బయటి వరుసతో మొదలై రోజుకు కొన్నిగా లోపలికి సాగుతాయి. కాబట్టి ఒకే పువ్వు చాలా రోజులపాటు తాజా మకరందం ఇస్తూనే ఉంటుంది, సీతాకోకచిలుక దాని చుట్టూ మెల్లగా తిరుగుతూ ఒక్కో గొట్టంలోకి తొండం దింపి చూస్తుంది. ఈ కిట్‌తో వచ్చిన చిక్కేమిటంటే, మొలిచిన జినియాలలో గణనీయమైన భాగం ముద్ద రకం. ముద్ద పూలలో మకరందపు గొట్టాల స్థానాన్ని కూడా రేకులే ఆక్రమిస్తాయి. చూపరులకు నిండుగా కనిపించినా తొండానికి అందేది స్వల్పం. ముద్ద బంతి, రేక బంతి పక్కపక్కన పూసినప్పుడు సీతాకోకచిలుకలు దేని మీద వాలుతున్నాయో కాసేపు గమనిస్తే ఈ తేడా ఎవరికైనా బోధపడుతుంది. సీతాకోకచిలుకల పేరుతో అమ్మే పొట్లంలో ఒంటిరెక్క రకాలు మాత్రమే ఉండాలని కోరడం అత్యాశ కాదు.

ఇప్పటివరకు చెప్పినవి సరిదిద్దుకోదగిన లోపాలు. అసలు లోటు వేరే ఉంది: ఈ పెట్టెలో గొంగళిపురుగు తినడానికి ఒక్క ఆకు కూడా లేదు. మకరందం తాగడానికి వచ్చిన సీతాకోకచిలుక తాగి వెళ్లిపోతుంది. అది మన తోటలో నిలవాలంటే గుడ్లు పెట్టడానికి తగిన మొక్క దొరకాలి. తగిన మొక్క అంటే ఏదో ఒక పచ్చని మొక్క కాదు. ఆడ సీతాకోకచిలుక ఆకు మీద వాలి ముందుకాళ్లతో తట్టి, ఆ కాళ్లకున్న రుచి గ్రాహకాలతో ఆకు రసాయనాలను పోల్చుకున్న తరువాతే గుడ్డు పెడుతుంది, ఎందుకంటే దాని పిల్లలు చాలావరకు ఒకే కుటుంబానికి చెందిన కొద్దిపాటి మొక్కలను మాత్రమే తినగలవు. నారింజ రంగు రెక్కల ప్లెయిన్ టైగర్‌కు జిల్లేడు, దాని బంధువులు కావాలి. మోనార్క్‌కు మిల్క్‌వీడ్ మొక్కలు కావాలి. లైమ్ బటర్‌ఫ్లైకి నిమ్మజాతి, కామన్ మోర్మన్‌కు నిమ్మతోపాటు కరివేపాకు, కామన్ క్యాస్టర్‌కు ఆముదం, కామన్ రోజ్‌కు ఈశ్వరి తీగ, క్యాబేజీ వైట్‌కు ఆవాలు, క్యాబేజీ కుటుంబం. జినియా పూలు ఎన్ని వేలు పూసినా ఈ అవసరాలలో ఒక్కటీ తీరదు.

ఈ సంగతి తెలిసినవారు కిట్‌కు తోడుగా కుండీలో ఒక నిమ్మ మొక్కనో కరివేపాకునో పెంచుకుంటే, పెట్టె మీది బొమ్మ చూపించలేని దృశ్యాలు వారికి దక్కుతాయి. లేత ఆకుల మీద లేత పసుపు పూసలాంటి గుడ్లు ఒక్కొక్కటిగా ఉంటాయి. వాటి నుంచి వచ్చే పురుగు మొదటి దశలలో అచ్చంగా పిట్ట రెట్టలా, నలుపు తెలుపు మచ్చలతో ఉంటుంది. పక్షులు దాన్ని వదిలేయడానికి ఆ వేషమే కారణం. చివరిసారి కుబుసం విడిచాక ఆకుపచ్చగా మారి, ఆకుల్లో కలిసిపోతుంది. ఆ దశలో పుల్లతో మెల్లగా తాకితే తల వెనకనుంచి పాము నాలుకలా చీలిన అవయవం ఒకటి బయటికి వస్తుంది, దానితోపాటే ఘాటైన వాసన. జిల్లేడు మీది ప్లెయిన్ టైగర్ పురుగుది ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన నీతి: అది మొక్క పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుని, తనను తినవద్దని నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో బాహాటంగా చాటుతుంది. వెచ్చని వాతావరణంలో గుడ్డు నుంచి రెక్కల పురుగు వరకు మొత్తం ప్రయాణం సుమారు ఒక నెలలో పూర్తవుతుంది. ఆ నెలలో మొక్క ఆకులు చిల్లులు పడటం, కొన్నిసార్లు కొమ్మ మోడువారడం ఖాయం. దాన్ని నష్టంగా భావించేవారు ఈ తోట జోలికి పోకపోవడమే మంచిది.

కాగితం చివర 'అదనపు సలహా' పేరుతో లాంటానా, బడ్లియా నాటమని రాశారు. రెండింటిలోనూ మకరందం సమృద్ధిగా ఉన్న మాట నిజమే, కానీ రెండూ తమ స్వస్థలాలకు వెలుపల చాలా దేశాలలో అదుపు తప్పి వ్యాపించినవి. లాంటానా ప్రపంచంలోని 100 అత్యంత హానికర ఆక్రమణ జీవుల జాబితాలో ఉంది. నాటే ముందు మీ ప్రాంతంలో వీటి పరిస్థితి కనుక్కోమన్న హెచ్చరిక అయినా లేకుండా ఇటువంటి సలహా అచ్చువేయడం బాధ్యతగా లేదు.

స్పాంజి పువ్వు పళ్లెంలో ఒక పాలు పంచదారకు పది పాళ్లు నీరు కలిపి పోయాలి. పోస్తే వచ్చేవి ముందు చీమలు, తరువాత కందిరీగలు. ఎండకు ద్రవం త్వరగా పులుస్తుంది, స్పాంజికి బూజు పడుతుంది, దాన్ని కడగడం కుండీకి నీళ్లు పోయడం కంటే ఎక్కువ శ్రమ. పక్కన పూలు ఉన్నప్పుడు సీతాకోకచిలుకలు ఈ ప్లాస్టిక్ పువ్వు వైపు పెద్దగా చూడలేదు. స్పాంజి తీసేసి అదే పళ్లెంలో ఇసుక, కాస్త తోట మట్టి నింపి, చిటికెడు ఉప్పు కలిపి ఎప్పుడూ తడిగా ఉంచితే మాత్రం దానికి సార్థకత వస్తుంది. మగ సీతాకోకచిలుకలు తడి నేల నుంచి సోడియం, ఇతర పోషకాలు పీల్చుకుంటాయి, జతకట్టేటప్పుడు వాటిలో కొంత ఆడదానికి అందిస్తాయి. వానాకాలపు బురద దగ్గర గుంపులుగా వాలేది ఇందుకే. బాగా మగ్గిన అరటిపండు ముక్క పక్కన పెడితే, పూల కంటే పండ్ల రసాన్ని ఇష్టపడే రకాలు కూడా వస్తాయి.

చెక్క గూడు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. చాలా జాతుల సీతాకోకచిలుకలు చలికాలాన్ని గుడ్డుగానో గొంగళిపురుగుగానో ప్యూపాగానో గడుపుతాయి. రెక్కలతోనే శీతాకాలం దాటే కొద్ది జాతులు చెట్టు బెరడు సందులను, దట్టమైన తీగలను ఆశ్రయిస్తాయి. వానకు అవి ఆకు కిందికి చేరుతాయి తప్ప రంగు వేసిన పెట్టెలోకి పోవు. నా గూటిలో సాలీడు కాపురం పెట్టింది. అలంకారంగా కావాలనుకునేవారికి పనితనం బాగానే ఉంది, మూలల అతుకులు గట్టిగా ఉన్నాయి.

సూచనల కాగితంలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించినది 'ఆకులను పురుగులు తింటే వేపనూనె పిచికారీ చేయండి' అన్న వాక్యం. వేపలోని అజాడిరాక్టిన్ పురుగు కుబుసం విడవడాన్ని అడ్డుకుంటుంది. అంటే రసాయన మందు కాకపోయినా గొంగళిపురుగుకు అది మృత్యువే. సేంద్రియ సాగులో వాడే బీటీ (గొంగళిపురుగులను చంపే బాక్టీరియా మందు) పిచికారీ సంగతీ అంతే. కిట్‌ను ఎవరి కోసం తయారుచేశారో వారి పిల్లలనే చంపమని చెబుతున్న ఈ సూచనను తయారీదారు వెంటనే తొలగించాలి. అలాగే, పొట్లంలోని కొన్ని బంతి విత్తనాలకు గులాబీ రంగు పూత ఉంది. అది రంగు మాత్రమేనా, శిలీంధ్రనాశకమా, లేక మొక్క అంతటా పాకి మకరందంలోకి కూడా చేరగల నియోనికోటినాయిడ్ వంటి కీటకనాశకమా అన్నది లేబుల్ మీద లేదు.

ఈ ప్రశ్నను నేను విక్రేతకు రాతపూర్వకంగా పంపితే, పొట్లం తెరిచాక వాపసు తీసుకోబోమన్న నియమాన్ని గుర్తుచేస్తూ జవాబు వచ్చింది, పూత గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. కొనాలనుకునేవారు ఆర్డరు పెట్టకముందే విత్తన శుద్ధి వివరాలు, అంటే విత్తనాలకు ఏ మందు పూశారన్నది అడిగి, రాతపూర్వకంగా సమాధానం వస్తేనే ముందుకు వెళ్లండి. రాకపోతే శుద్ధి చేయని ఒంటిరెక్క జినియా, కాస్మోస్ విత్తనాలను విడివిడిగా కొని, మిగిలిన సొమ్ము ఒక నిమ్మ మొక్కకు కేటాయించండి.