పైలిబ్‌ఏసీఎల్: అన్నీ బాగున్నాయి, ఆ మాస్క్ ఒక్కటి తప్ప

పైలిబ్‌ఏసీఎల్ అంటే ఫైళ్ల ఏసీఎల్‌లను, అంటే ఏ యూజర్‌కు, ఏ గ్రూపుకు ఎంత పర్మిషనో చెప్పే జాబితాలను, పైథాన్ నుంచి మార్చే లైబ్రరీ. దీని మీద నాకున్న కోపమంతా మాస్క్ దగ్గరే; పేరు పెట్టి ఇచ్చే పర్మిషన్లకూ, గ్రూపు పర్మిషన్లకూ అదే పై హద్దు. లినక్స్‌లో పదిమంది కలిసి వాడే ఫోల్డర్లలో ఎవరికి ఏ పర్మిషన్ ఉండాలో పైథాన్ స్క్రిప్టుతో చూసుకోవడానికి చాలాకాలంగా దీన్నే వాడుతున్నాను. ఎంట్రీ (ఆ జాబితాలో ఒక వరుస) చేర్చడం, అది యూజర్‌దో గ్రూపుదో చెప్పే ట్యాగ్ పెట్టడం, క్వాలిఫయర్‌లో యూజర్ ఐడీ ఇవ్వడం, ఫైలుకు వర్తింపజేసే అప్లైటు పిలవడం, అంతే పని. కమాండ్ అవుట్‌పుట్‌ను ముక్కలు చేసి చదువుకునే తలనొప్పి ఉండదు.

ఒకసారి టీమ్‌లోకి కొత్తగా వచ్చినాయనకు ఒక ఫైలు మీద రైట్ ఇచ్చాం. స్క్రిప్టు ఏ ఎర్రరూ లేకుండా ముగిసింది. ఏసీఎల్ సరిగా ఉందా అని చూసే వ్యాలిడ్ ఫంక్షన్‌ను అడిగితే ట్రూ అంది. తీరా ఆయన సేవ్ చేయబోతే పర్మిషన్ డినైడ్! ఏసీఎల్‌ను చూపించే గెట్‌ఎఫ్‌ఏసీఎల్ కమాండ్ కొట్టి చూస్తే ఆయన ఎంట్రీలో రీడ్, రైట్ రెండూ నిక్షేపంగా ఉన్నాయి. అదే లైను చివర 'ఎఫెక్టివ్' (నిజంగా చెల్లేది) అన్నచోట మాత్రం ఒక్క రీడే. సంగతేమిటంటే, ఆ ఫైలును తయారుచేసే వేరే ప్రోగ్రాం చివర్లో పర్మిషన్లు మార్చే సీహెచ్‌మోడ్ 640 కొడుతోంది. మాస్క్ ఉన్న ఫైలు మీద ఆ మధ్య అంకె గ్రూపుకు కాదు, మాస్క్‌కు పోతుంది. అక్కడ 4 (రీడ్ మాత్రమే) ఉంటే, పేరు పెట్టి ఎవరికి ఎంత ఇచ్చినా రీడ్ దాటదు.

ఏసీఎల్‌ను మార్చే సెట్‌ఎఫ్‌ఏసీఎల్ కమాండైతే ఎంట్రీ మార్చినప్పుడు మాస్క్‌ను తనే మళ్లీ లెక్కేస్తుంది. ఈ లైబ్రరీలో ఆ లెక్కవేసే కాల్క్‌మాస్క్‌ను మనమే పిలవాలి. పేరున్న ఎంట్రీలుండి మాస్క్ అసలే లేకపోతే వ్యాలిడ్ ఒప్పుకోదు గానీ, ఉండి చాలకపోతే నోరు మెదపదు. 17వ డ్రాఫ్టు దగ్గరే ఆగిపోయిన ఏసీఎల్‌ల ప్రమాణం పోసిక్స్ 1003.1ఈ లోనూ అది విడి ఫంక్షనే కాబట్టి, పూర్తిగా లైబ్రరీనే తిట్టలేను.

పోనీ, పిలిస్తే తీరిందా? పేరున్న యూజర్లు, గ్రూపులు అందరి పర్మిషన్లూ కలిపి అది మాస్క్ కడుతుంది. దాంతో ఎవరో ఎప్పుడో ఒక గ్రూపుకు ఇచ్చి వదిలేసిన రైట్ కూడా లేచి కూర్చుంది. అది ఇంకో టెన్షన్. ఇప్పుడు మార్పుకు ముందూ తర్వాతా ఎఫెక్టివ్ పర్మిషన్లతో సహా టెక్స్ట్‌గా రాయించి పక్కపక్కన చూస్తాను. ఆ సదుపాయం లైబ్రరీలోనే ఉండటం మేలైంది. అవుట్‌పుట్ చదివే తలనొప్పి లేదన్నాను గానీ, చివరికి కళ్లు పెట్టి చదవక తప్పట్లేదు.

డైరెక్టరీల డీఫాల్ట్ ఏసీఎల్‌లూ (లోపల కొత్తగా పుట్టే ఫైళ్లకు వచ్చేవి) కోడ్ నుంచే నడపాలి కాబట్టి నేను దీన్ని వదలను. నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ ఎన్‌ఎఫ్‌ఎస్4 ఏసీఎల్‌లతో పనున్నవాళ్లకు మాత్రం ఇది కుదరదు, వాటి పద్ధతే వేరు. అప్పుడప్పుడూ నాలుగు ఫైళ్లు మార్చుకునేవాళ్లయితే పైథాన్ నుంచి వేరే కమాండ్లు నడిపే సబ్‌ప్రాసెస్‌లో సెట్‌ఎఫ్‌ఏసీఎల్‌ను పిలుచుకుంటే చాలేమో.