ఇల్లు కొనేముందు చేయించిన కరెంటు పరీక్ష: ఏడేళ్ళ కాపురం తర్వాత నా అంచనా

నెల్లూరు వేదాయపాళెంలో కింద ఒక వాటా, పైన ఒక వాటా ఉన్న పాత డాబాను 2018 మే నెలలో బేరం చేశాను. లింకు డాక్యుమెంట్లను, ఈసీని వకీలుకు చూపించినట్టే వైరింగును కూడా తెలిసినవారికి చూపించి గానీ బయానా ఇవ్వనన్నప్పుడు మా వాళ్ళందరూ నవ్వారు. ఆ రోజు చేసిన పరీక్షల్లో ఏది నిజం చెప్పిందో, ఏది మభ్యపెట్టిందో ఇన్నేళ్ళు ఆ ఇంట్లో ఉన్నాక చెప్పగలుగుతున్నాను.

మభ్యపెట్టినది సాకెట్ టెస్టరు. ప్లగ్గులో గుచ్చగానే ఫేజు, న్యూట్రల్, ఎర్త్ సరిగా ఉన్నాయో లేవో మూడు చిన్న దీపాలతో చూపించే ఈ పరికరాన్ని కొని నేనే గదిగదికీ తిరిగాను; ప్రతి గదిలోనూ అంతా సవ్యంగా ఉన్నట్టే చూపించింది. మరునాడు నాతో వచ్చిన ఎలక్ట్రీషియన్ మాత్రం "ఆ లైట్లు చెప్పేది నమ్మబాకండి సార్" అంటూ, ఫేజూ న్యూట్రలూ రెండూ తెగేలా మెయిన్ దించి, మల్టీమీటరును బజర్ మీద పెట్టి (తాకించిన రెండు చోట్లూ వైరుతో కలిసి ఉంటేనే అది మోగుతుంది), సాకెట్టులోని న్యూట్రల్ రంధ్రానికీ ఎర్త్ రంధ్రానికీ తాకించాడు. మోగకూడని బజర్ మోగింది. బోర్డు విప్పి చూస్తే పై వాటాకు ఎర్త్ వైరే లాగలేదు. న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు రెండంగుళాల వైరు ముక్క బిగించి ఉంది. టెస్టరు ఎర్త్ ఉందనుకున్నది ఆ ముక్కను చూసే. పొరపాటున వెనక ఎక్కడైనా న్యూట్రల్ తెగితే, నడుస్తున్న ఫ్రిజ్ గుండా వచ్చే కరెంటు ఆ ముక్క మీదుగా ఫ్రిజ్ రేకు మీదికే చేరుతుంది. బొత్తిగా ఎర్త్ లేకపోవడం కంటే ఇది ప్రమాదకరమని నాకు ఆ రోజే తెలిసింది.

కింద వాటాకు ఎర్త్ గుంత ఉంది గానీ, భూమిలోకి కరెంటు దిగడానికి ఎంత అడ్డంకి ఉందో ఎర్త్ టెస్టరుతో కొలిస్తే 18 ఓమ్‌లు వచ్చింది. సంఖ్య చిన్నదే కదా అని అడిగితే ఆయన వివరించిన లెక్క ఇప్పటికీ గుర్తుంది: 230 వోల్టులను 18తో భాగిస్తే 13 ఆంపియర్లు కూడా దాటదు, కాబట్టి ఫేజు వైరు మోటారు ఒంటికి తగిలినా 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు పరిమితి మించితే దానంతటదే పడిపోయే స్విచ్చి) దాన్ని మామూలు లోడే అనుకుని పడకుండా ఊరుకుంటుంది. అందుకే కొత్త గుంత తవ్వించడంతో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (వెళ్ళిన కరెంటు అంతా తిరిగి రాకుండా కాస్త లీకైనా లైను తెంచేసే స్విచ్చి) పెట్టించాలన్నాడు.

నా దృష్టిలో పెట్టిన ఖర్చుకు పూర్తి ఫలితమిచ్చినది మెగ్గరు, అంటే వైరు తొడుగులోంచి కరెంటు కారుతోందేమో కొలిచే మీటరు. బల్బులు, రెగ్యులేటర్లు, ఇన్వర్టరు అన్నీ విడదీసి 500 వోల్టులతో ఒక్కొక్క లైనునూ పరీక్షిస్తే మిగతావన్నీ 20 మెగోమ్‌లు దాటగా, కనీసం ఒకటైనా ఉండవలసిన చోట వంటింటి లైను 0.3 దగ్గర ఆగింది. గోడకు కొత్తగా రంగు వేసి ఉండటంతో పైనున్న ట్యాంకు గొట్టం కారి వైర్లున్న పైపులోకి చెమ్మ దిగిన సంగతి కంటికి కనపడలేదు. ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయవలసిన చోట ఒకటిన్నర వేసి ఉండటం, కరెంటు బిల్లులో మంజూరైన లోడు 2 కిలోవాట్లే ఉండటం (రోహిణి కార్తెలో ఇక్కడ రెండు ఏసీలు లేకుండా నిద్రపట్టదు) కూడా కాగితం మీద రాసి ఇల్లు అమ్ముతున్న పెద్దాయన ముందు పెట్టాను. ఆయన కాసేపు చిన్నబుచ్చుకున్నా, చివరికి ధరలో యాభై వేలు తగ్గించారు. వైరింగుకు నాకు అయినది అరవై ఎనిమిది వేలు.

మా పరీక్షకు అందనిది ఒకటుంది. ఇంట్లో చేరిన మొదటి వారమంతా దీపాలు పెట్టే వేళకు సరిగ్గా ఆర్‌సీసీబీ పడిపోయేది. పరికరమే చెడ్డదని మార్పించినా అదే వరస. మెట్ల మీది దీపానికి కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి ఉన్నాయి. ఫేజు మేముండే కింద వాటా మీటరు నుంచి, న్యూట్రల్ పై వాటా మీటరు నుంచి తీసుకున్నారు. 9 వాట్ల బల్బు లాగేది దాదాపు 40 మిల్లీ ఆంపియర్లు, అది తిరిగి మా న్యూట్రల్ గుండా రాదు కాబట్టి ఆర్‌సీసీబీ దాన్ని లీకుగానే లెక్కగట్టింది. కొనేముందు పై వాటా మెయిన్ ఒక్కటి దించి మా వాటాలోని దీపాలన్నీ వేసి చూసి ఉంటే రెండు నిమిషాల్లో బయటపడేది.

2021 నవంబరులో పెన్నకు వరద వచ్చిన రోజుల్లో, ఆగకుండా కురిసిన వానకు గేటు దీపం డబ్బాలోకి నీళ్ళు చేరాయి. ఇనుప గేటును ఎవరూ తాకకముందే ఆర్‌సీసీబీ పడింది. గేటు లైను ఎంసీబీ దించితే మిగతా ఇల్లంతా మామూలుగా వెలిగింది. పెట్టిన ఖర్చుకు ఆ ఒక్క రాత్రి చాలు. అయితే దాన్ని పెట్టి మరిచిపోవడానికి లేదు: మూడు నెలలకొకసారి టెస్ట్ బటన్ నొక్కుతూ వచ్చిన నాకు, 2023లో ఒకసారి ఎంత నొక్కినా అది పడలేదు. ఆ సాయంత్రమే మార్పించాను.

కొత్త ఎర్త్ గుంత వానాకాలంలో 3 ఓమ్‌లు చూపిస్తుంది, మే నెలలో 7 దాకా పోతుంది. అందుకని ఎండాకాలమంతా తులసి మొక్కకు పోసేటప్పుడే దానికీ రెండు చెంబులు పోస్తున్నాం.