రెండు ల్యాపులను పోల్చాలంటే కాలమా, దూరమా, స్థానమా: ఏది మేలు?

“డెల్టా గ్రాఫ్ చివరిదాకా 0.20 సెకన్ల వెనకబాటే చూపించింది, తీరా గీత దాటాక చూస్తే తేడా 0.44. ఇదెలా?” రేస్ ట్రాక్ మీద ఒక్కో చుట్టుకు, అంటే ల్యాప్‌కు, పట్టిన సమయాన్ని జీపీఎస్‌తో కొలిచే ల్యాప్ టైమింగ్ యాప్‌లు వాడేవాళ్ల నుంచి ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. డెల్టా అంటే ఒక ల్యాప్ ఇంకోదానికన్నా ఎంత ముందుందో, ఎంత వెనకబడిందో చూపే తేడా. చాలాసార్లు తప్పు జీపీఎస్‌ది కాదు, సాఫ్ట్‌వేర్ ఒక ల్యాప్‌ను ఇంకోదాని మీద పేర్చే పద్ధతిది. డెవలపర్‌కు ఒక్క సూచనే పంపేట్టయితే దీని గురించే పంపండి. గేజ్‌ల రంగులు, వీడియో హంగులు తర్వాత చూసుకోవచ్చు.

కాలం ప్రకారం పేరిస్తే మొదటి మలుపులో పోయిన 0.3 సెకన్లు ఆ తర్వాతి గ్రాఫ్ మొత్తాన్ని పక్కకు జరిపేస్తాయి. గేరు మార్చడానికి ఎంతసేపు పట్టిందో చూసుకోవడానికి తప్ప ఇది పెద్దగా పనికిరాదు.

దూరం ప్రకారం పేర్చడం చాలాచోట్ల కనిపించే పద్ధతి. కానీ కారు నడిచిన దూరం వేరు, ట్రాక్ మీద అది ఉన్న చోటు వేరు. 3000 మీటర్ల ల్యాప్‌లో 2400 మీటర్ల దగ్గర 180 డిగ్రీల హెయిర్‌పిన్ (పూర్తిగా వెనక్కి తిరిగే మలుపు) ఉందనుకోండి. రెండో ల్యాప్‌లో దాన్ని 3 మీటర్లు ఎక్కువ వ్యాసార్ధంతో తిరిగితే 9.4 మీటర్లు అదనంగా నడిచినట్టు. అక్కణ్ణుంచి గ్రాఫ్‌లో ఒకే దూరం దగ్గర కనబడే రెండు బిందువులు ట్రాక్ మీద 9.4 మీటర్ల ఎడంలో ఉంటాయి. గంటకు 144 కిలోమీటర్ల వేగంలో, అంటే సెకనుకు 40 మీటర్లకు, అది 0.24 సెకన్లు. పై ప్రశ్నలో మాయమైన సమయం అదే.

దీన్ని సరిచేయడానికి కొన్ని సాఫ్ట్‌వేర్లు ల్యాపులన్నింటినీ ఒకే పొడవుకు కుదిస్తాయి. చివరి అంకె సరిపోతుంది, కానీ తప్పు ల్యాప్ అంతటా పరుచుకుంటుంది. పై ఉదాహరణలో రెండు ల్యాపుల్లోనూ హెయిర్‌పిన్ ముందు ఒకే చోట బ్రేకు నొక్కినా, రెండోసారి 7.5 మీటర్లు ముందే నొక్కినట్టు కనిపిస్తుంది. ఆ గ్రాఫ్‌ను నమ్మి మరుసటి సెషన్‌లో ఆలస్యంగా బ్రేకు నొక్కడం ప్రమాదం. దూరాన్ని చక్రం వేగం నుంచి లెక్కిస్తే ఇంకా కష్టం: బ్రేకుకు చక్రం బిగుసుకుంటే దూరం తగ్గుతుంది, చక్రం జారి తిరిగితే పెరుగుతుంది.

నా ఓటు స్థానానికే. రిఫరెన్స్ ల్యాప్‌ను (పోలికకు ఆధారంగా ఎంచుకున్నదాన్ని) ఒక గీతగా తీసుకుని, రెండో ల్యాప్‌లోని ప్రతి జీపీఎస్ బిందువు నుంచి ఆ గీతకు లంబం గీసి, అది తగిలిన చోట ఉన్న దూరాన్నే ఆ బిందువుకు ఇవ్వాలి. వెడల్పుగా తిరిగినా, లోపలి నుంచి కోసుకుపోయినా హెయిర్‌పిన్ బయట రెండు ల్యాపులూ మళ్లీ కలుస్తాయి. ఇందులోనూ చిక్కులున్నాయి. హెయిర్‌పిన్ రెండు పాయలు దగ్గరగా ఉంటే బిందువు పక్క పాయకు అతుక్కుంటుంది. జపాన్‌లోని సుజుకాలా ట్రాక్ తనను తానే దాటే చోటా అంతే. అందుకని సరిపోలే చోటును కిందటి బిందువుకు 50 మీటర్ల లోపలే వెతకాలి, దిశలో తేడా 60 డిగ్రీలు దాటితే వదిలేయాలి. వేర్వేరు సెషన్ల ల్యాపులైతే జీపీఎస్ జరుగుడు కూడా కలుస్తుంది: ప్రయాణ దిశలో 2 మీటర్లు జరిగితే పై వేగంలో 0.05 సెకన్లు. అంతకన్నా చిన్న తేడాల మీద వాదించుకోకండి.

ఏ పద్ధతైనా సమయముద్ర (ప్రతి బిందువుకు వేసే టైమ్‌స్టాంప్) సరిగా లేకపోతే వృథా. డేటా బ్లూటూత్‌లో ఫోన్‌కు చేరిన క్షణాన్ని కాదు, ఎన్‌ఎమ్‌ఈఏ (జీపీఎస్ రిసీవర్లు డేటా పంపే ప్రామాణిక రూపం) వాక్యంలోని యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయాన్నే వాడాలి. 100 మిల్లీసెకన్ల ఆలస్యమంటే 4 మీటర్లు. సీరియల్ రిసీవరైతే బాడ్ రేటూ (డేటా పంపే వేగం) చూడండి. స్థానం, వేగం వంటివి చెప్పే ఆర్‌ఎమ్‌సీ, జీజీఏ అనే ఎన్‌ఎమ్‌ఈఏ వాక్యాలు రెండూ కలిసి సుమారు 150 బైట్లు, 10 హెర్ట్జ్‌లో (సెకనుకు పదిసార్లు) సెకనుకు 1500. 9600 బాడ్ మోసేది 960 మాత్రమే, అందుకే బిందువులు రాలిపోతాయి. 115200 పెట్టండి.

సూచనతో పాటు ఒకే సెషన్‌లోని రెండు ల్యాపులను ముడి ఎన్‌ఎమ్‌ఈఏ లేదా వీబీవో (ల్యాప్ డేటా దాచే ఒక ఫైల్ రకం) ఫైల్‌గా జతచేసి, రిఫరెన్స్ ఏదో, తేడా ఏ మలుపు తర్వాత మొదలైందో రాయండి. వీబీవో ఫైల్ సొంతంగా తయారుచేసేవాళ్లకు ఒక జాగ్రత్త: అందులో రేఖాంశం నిమిషాల్లో ఉంటుంది, పడమర వైపు ధనాత్మకం. గుర్తు మారితే ట్రాక్ అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది.

కొత్త వెర్షన్ వచ్చాక డెల్టా చివరి అంకె చూసి తృప్తిపడకండి, కుదించినా అది సరిపోతుంది. మ్యాప్‌లో హెయిర్‌పిన్ ముందు, తర్వాత ఒక్కో గుర్తు పెట్టండి. ఆ గుర్తుల దగ్గర రెండు ల్యాపుల దూరమూ ఒకే అంకె చూపించాలి.