పగుళ్ళు లేవు కదా అని నమ్మితే: 1,86,000 కిలోమీటర్ల తర్వాత నా బండి బెల్టు గురించి

మన వైపు అందరం ఫ్యాన్ బెల్టు అనే అంటాం గానీ ఇప్పటి కార్లలో శానా వాటికి ఆ బెల్టు ఫ్యాన్‌ను తిప్పదు, ఫ్యాన్‌కు వేరే మోటారు ఉంటాది. నేను చెప్పేది ఇంజను పక్కన పుల్లీలన్నిటి మీదా పాము మాదిరి మెలికలు తిరిగి ఉండే ఒకే పొడుగు బెల్టు, సర్పెంటైన్ బెల్టు. టైమింగ్ బెల్టు కాదు, అది వేరే కథ. నాది 2015లో తీసుకున్న డీజిల్ బండి. మైలేజీ, పికప్ గురించి చెప్పే పని లేదు, అందరికీ తెలిసిందే. ఈ బెల్టు గురించి మాత్రం చెప్పాల, ఎందుకంటే దీని మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

ముందు నేనే దీన్ని శానా పొగిడినా. లక్ష కిలోమీటర్లు దాటినా ఒక్క సౌండు లేదు, కంపెనీ బెల్టు అంటే అదీ, ముట్టుకోవద్దు అని బండి కొనేముందు అడిగినోళ్ళకంతా చెప్పినా. లక్షకు సర్వీసుకు ఇచ్చినప్పుడు కూడా అక్కడ టార్చి వేసి చూసి, పగుళ్ళు లేవు సార్, బెల్టు ఓకే అని కాగితంలో టిక్కు కొట్టి ఇచ్చినారు. నేనూ వంగి చూసినా, నిజంగానే ఒక్క పగులు లేదు. నల్లగా, నిగనిగలాడతా ఉండింది. ఆ నిగనిగే జారిపోయే బెల్టు గుర్తు అని నాకప్పుడు తెలీదు.

2022 మే నెలలో రాయచోటిలో పెండ్లి ఉంటే మా అమ్మ, మా ఆమె, ఇద్దరు పిల్లోళ్ళతో కడప నుంచి బయల్దేరినాం. మధ్యాన్నం మూడు గంటలు, కడప ఎండ సంగతి చెప్పే పని లేదు కదా, ఏసీ ఫుల్లు మీద ఉంది. గువ్వలచెరువులో ఆపి పాలకోవా కొనియ్యమని పిల్లోళ్ళు అడగతానే ఉండారు. ఘాట్‌లో సగం ఎక్కినాక ముందు వైపు నుంచి టపటపమని గుడ్డ కొట్టుకున్నట్ల సౌండు వచ్చింది, అంతే, ఏసీలో నుంచి వేడిగాలి మొదలైంది, మీటరులో ఎర్ర బ్యాటరీ లైటు వెలిగింది, అది ఏందా అని చూసే లోపల మలుపు వచ్చింది, స్టీరింగు తిప్పితే తిరగదే. రాతిబండ మాదిరి అయిపోయింది. ఎదురుగా లారీ దిగుతా ఉంది. రెండు చేతులతో బలమంతా పెట్టి ఎట్లో లాగి ఎడమ పక్క ఓరగా ఆపినా. మా అమ్మ ఒక్క మాట మాట్లాడలా, నా భుజం మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకునింది.

టెంపరేచర్ ముల్లు పైకి పోతా ఉంటే ఏసీ బంద్ చేసి మల్లా స్టార్ట్ చేసి నిదానంగా పైదాకా పోదామా అనుకున్నా. దిగే లారీ ఆగింది, డ్రైవరు దిగి వచ్చి బానెట్టు ఎత్తి చూసి, "అన్నా, సెల్ఫు కొట్టొద్దు, బెల్టు పోయింది, లోపల నీళ్ళు తిరగవు, హెడ్డు పోతాది" అన్నాడు. మా బండిలో డైనమో, ఏసీ కంప్రెసరు, స్టీరింగు పంపు మాత్రమే కాదు, వాటర్ పంపు కూడా ఆ ఒక్క బెల్టు మీదే. ఆ అన్న చెప్పకపోయింటే నేను తోలేసి ఉందును, ఇంజనే పోయిండు. ఆయప్ప మేలు మర్చిపోను.

రాయచోటి నుంచి మెకానిక్కు బైకు మీద బెల్టు తెచ్చేసరికి పొద్దు గుంకింది. పాత బెల్టు మీద నంబరు అరిగిపోయి ఉంటే బండి మోడలు చెప్పి తెప్పించాల్సి వచ్చింది. 6పీకే అని ఉంటే గాళ్ళ పక్కన ఎత్తుగా ఉండే గట్లు ఆరు అని, దాని తర్వాత అంకె పొడుగు మిల్లీమీటర్లలో అని అప్పుడే తెలిసింది. ఆ పిల్లోడు పాత బెల్టు ముక్క, కొత్త బెల్టు రెండూ నా చేతికి ఇచ్చి గోరు పెట్టి గాడిలో గీకి చూడమన్నాడు. కొత్తదాంట్లో గోరు సన్నగా కిందికి దిగుతాది, గాడి కోసుగా ఉంది. పాతదాంట్లో గాడి వెడల్పయిపోయి గుండ్రంగా ఉంది, గోరు అటూ ఇటూ ఆడతా ఉంది. ముందు కాలం నియోప్రీన్ అనే రబ్బరు బెల్టులు పగిలేవి, అంగుళంలో మూడు నాలుగు పగుళ్ళు కనిపిస్తే మార్చేవాళ్ళు. ఇప్పుడు వచ్చేవి ఈపీడీఎం అనే వేరే రకం రబ్బరు, అవి బిరీన పగలవు, టైరు మాదిరి అరుగుతాయి అంతే. గాడి అరిగితే బెల్టు పుల్లీలో లోతుకు కూర్చుంటాది, పట్టు పోతాది, జారి వేడెక్కుతాది. పైనుంచి చూస్తే మాత్రం కొత్తదానిలాగే. ఇంత చిన్న సంగతి లక్ష కిలోమీటర్ల సర్వీసులో నాకు ఒక్కరూ చెప్పలా, నా కోపం దాని మీదే.

అయితే కొత్త బెల్టు వేస్తూనే కష్టం తీరలా. ఆ పిల్లోడు బెల్టును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ పుల్లీని చేత్తో తిప్పితే గరగరమనింది, "ఇది గూడా మార్చాల, ఇప్పుడు దొరకదు, కడపకు పోయి మార్పిచ్చుకోన్నా" అని చెప్పినాడు. నేను పెండ్లి హడావిడిలో పడి తర్వాత మర్చిపోయినా. 14 వేలు తిరిగేసరికి పొద్దున స్టార్టు చేస్తే కీచుకీచుమని సౌండు, బెల్టు అంచు దారాలు లేచింది. నీళ్ళు చిలకరించి చూసినా, రోంతసేపు ఆగి మల్లా మొదలైంది. అట్ల ఆగి వస్తే పుల్లీలు సరిగ్గా వరసలో లేనట్ట, నీళ్ళు పడంగానే సౌండు ఇంకా ఎక్కువైతే బెల్టు లూజుగా ఉన్నట్ట. మొదట కొత్త బెల్టునే తిట్టినా, తప్పు దానిది కాదు, వరస తప్పిన టెన్షనరుది. బహుశా మొదటి బెల్టు తెగడంలో కూడా దానికి భాగం ఉందేమో, అప్పుడే గరగరమంటా ఉండింది కదా. అప్పుడు బెల్టు, టెన్షనరు, బెల్టుకు దారి చూపే ఐడ్లర్ పుల్లీ మొత్తం సెట్టుగా మార్పించినా. అప్పటి నుంచి 60 వేలు అయింది, ఏం తేడా లేదు. స్టార్టు చేసినప్పుడు ఆ నిశ్శబ్దం వింటే మనసుకు హాయిగా ఉంటాది, నిజంగా.

లక్ష నుంచి లక్షన్నర దాకా బెల్టు వస్తాదని చెప్పేవాళ్ళు తప్పు చెప్పడంలా. కానీ నేను వారానికి ఐదు రోజులు కడప నుంచి ఎర్రగుంట్లకు పోయి వస్తా, సిమెంటు లారీల వెనక ఆ సున్నపురాయి దుమ్ములో. ఆ దుమ్ము గాళ్ళల్లో పడితే ఆకురాయి మాదిరి రుద్దుతాది, పైన ఈ ఎండ. అందుకే నా మటుకు 80 వేలకు మొత్తం సెట్టు, అంతకుముందు ప్రతి సర్వీసులో గోరు పెట్టి చూడడం, కూలెంటో ఆయిలో బెల్టు మీద కారి ఉంటే కిలోమీటర్లు చూడకుండా మార్చడం. టౌన్‌లో తిరిగే పెట్రోలు బండికి ఇంత తొందర అక్కర్లేదేమో, కరెంటు స్టీరింగు ఉన్నవాటికి బెల్టు తెగిన వెంటనే చక్రం బిగుసుకోదు కూడా. డిక్కీలో ఒక కొత్త బెల్టు మాత్రం ఎప్పుడూ పెట్టుకుంటా, పాత ముక్క కూడా పక్కనే ఉంటాది, ఎవరన్నా అడిగితే గోరు పెట్టి చూడమని ఇస్తా.

వచ్చే నెల మల్లా రాయచోటి పోవాల. ఇంకా 20 వేలు ఉంది గదా అని నేనంటే, ఘాట్ ఎక్కకముందే మార్పించు అంటాంది మా అమ్మ. మార్పిస్తా.