ఆరుగురా, తొమ్మిది మందా?

టీమ్ ఫోర్ట్రెస్ 2 అనే ఆన్‌లైన్ షూటింగ్ గేమ్ వచ్చింది 2007లో. పోటీలకు దిగే టీములు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ల మధ్య అదే పాత గొడవ: ఆరుగురి ఆటా, హైలాండరా?

హైలాండర్‌లో టీముకు తొమ్మిది మంది, ఆటలోని తొమ్మిది క్లాసులకూ, అంటే పాత్రలకూ, తలా ఒకరు. స్పై, పైరో, ఇంజనీర్, మీకు ఏది వచ్చినా చోటుంది. కానీ రాత్రిపూట తొమ్మిది మందిని ఒక్కచోట కూర్చోబెట్టడం ఎప్పుడైనా చూశారా? ఒకడికి పొద్దున్నే పరీక్ష, ఇంకొకడికి నెట్ పోయింది. టీముకు వైద్యం చేసే మెడిక్ రాకపోతే టెన్షన్ మొదలు, ఎందుకంటే ఆ పని ఎవరూ మీదేసుకోరు.

ఆరుగురి ఆటలో మామూలుగా ఇద్దరు స్కౌట్లు, ఇద్దరు సోల్జర్లు, ఒక డెమోమ్యాన్, ఒక మెడిక్. టీము కట్టడం తేలిక, ఆట వేగం. అయితే ఏళ్ల తరబడి పైరోతో చెయ్యి తిరిగినవాడికి ఇక్కడ దాదాపు పనిలేదు. పైగా 2016లో ఓవర్‌వాచ్ అనే ఇంకో షూటింగ్ గేమ్ రాగానే అటు వెళ్లిపోయిన మంచి ఆటగాళ్లలో కొందరు ఈ ఆరుగురి ఆట వాళ్లే.

జనం తక్కువైనప్పుడు నా ఓటు ఆరుకే. కొత్తవాళ్లను మాత్రం ముందు హైలాండర్‌కే పంపిస్తాను. ఒక్క క్లాసు నేర్చుకుంటే చాలు, మిగతా ఎనిమిది మంది తిట్టేలోగా ఎంతో కొంత ఆడేయొచ్చు.