మాధవరం యార్డులో కొత్త డ్రైవర్ ట్రైనింగ్: అక్కడే పనిచేస్తున్నవాడి సమీక్ష

"అన్నా, ఆ ట్రైనింగ్‌లో చేరొచ్చా?" అని సూళ్ళూరుపేట, నాయుడుపేట వైపు కుర్రాళ్ళు తరచూ ఫోన్ చేస్తుంటారు. ఒక్కొక్కరికి ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఒకేసారి రాసి పెడుతున్నాను. కంపెనీ పేరు రాయను, ఇప్పటికీ అక్కడే బండి నడుపుతున్నాను కాబట్టి. చెన్నై మాధవరం దగ్గర యార్డు. కంటైనర్ ట్రైలర్లు ఎక్కువ, పది చక్రాల లారీలు కొన్ని. పోర్టు పని, శ్రీపెరంబుదూర్ ఫ్యాక్టరీల లోడు, విజయవాడ, బెంగళూరు లైన్లు.

నా మాట ముందే చెప్పేస్తాను. బండి నడపడం బాగా నేర్పుతారు. బండి ఆగి ఉన్నప్పుడు ఏం చెయ్యాలో మాత్రం దాదాపు ఏమీ చెప్పరు. ఈ పనిలో సగం ఆగి ఉండటమే.

చేరాలంటే ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు ముందే మీ చేతిలో ఉండాలి. దానికి 20 ఏళ్ళు నిండాలి, కారు లైసెన్సు తీసుకుని ఏడాది గడవాలి. పద్దెనిమిదికే కారు లైసెన్సు తీసుకున్నవాడికి ఇబ్బంది లేదు, ఇప్పుడే మొదలుపెట్టేవాడు మాత్రం ఆ ఏడాది ఆగాల్సిందే. ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధనను కేంద్రం 2019లో తీసేసింది గానీ, మా కంపెనీ పదో తరగతి సర్టిఫికెట్ అడుగుతుంది. అది చదువు కోసం కాదు. ఎందుకో తర్వాత చెప్తాను.

మొదట్లో క్లాసురూము. రోడ్డు గుర్తులు, ఇంజను బొమ్మలు, కస్టమర్‌తో మర్యాదగా మాట్లాడటం. ఏసీ ఉంటుంది, మధ్యాహ్నం భోజనం తర్వాత నిద్ర ముంచుకొస్తుంది. దాని గురించి ఇంతకంటే రాయడానికేం లేదు.

అసలు చదువు యార్డులో. మా ట్రైనర్ ఆర్కాటు వైపు ఆయన, తెలుగూ తమిళమూ కలిపి మాట్లాడతారు. పొద్దున్నే కొత్తవాడు స్టార్ట్ చేసి, గేరు వేసి, యాక్సిలరేటర్ తొక్కుతాడు. బండి కదలదు. ఆయన ఏమీ అనకుండా గాలి మీటరు ముల్లు మీద వేలు పెట్టేవారు. కాసేపాగి, "తంబీ, గాలి నిండనీ, నీకేం తొందర" అనేవారు. హెవీ బండిలో పార్కింగ్ బ్రేకును పట్టి ఉంచేది స్ప్రింగు, వదిలించేది గాలి. ట్యాంకుల్లో గాలి సరిపడా లేకపోతే స్ప్రింగు వదలదు. దారిలో గాలి లీకై ఒత్తిడి బాగా పడిపోయినా అదే స్ప్రింగు బ్రేకు పట్టేస్తుంది. అప్పుడు బండి పాడైందని కంగారు పడకుండా లీకు ఎక్కడుందో చూడాలి. కారు నడిపి వచ్చినవాడికి ఇది కొత్త విషయం. ఇంత ఓపికగా వివరించేవాళ్ళు బయట దొరకడం కష్టం.

గాలి ట్యాంకుల కింద వాల్వు లాగి నీళ్ళు వదలడం, వీల్ నట్లు చూడటం, రాడ్డుతో టైర్లు కొట్టి శబ్దం వినడం రోజూ చేయించేవారు. జంట టైర్లలో లోపలిది దిగిపోతే పైకి తెలియదు, బయటి టైరు బరువంతా మోస్తూ వేడెక్కుతుంది. గాలి ఉన్న టైరు టంగుమంటుంది, లేనిది మొద్దుగా పలుకుతుంది. ఈ అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు. టీ తాగడానికి ఆగినా రాడ్డు తీస్తాను.

ట్రైలర్ రివర్స్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ట్రైలర్ తోక కుడికి వెళ్ళాలంటే స్టీరింగ్ ముందు ఎడమకు తిప్పాలి. తోక తిరగడం మొదలవగానే స్టీరింగ్ వెనక్కి తెచ్చి దాని వెంట పోవాలి, లేకపోతే ముందు బండి, ట్రైలర్ కత్తెరలా ముడుచుకుంటాయి. చెప్పడానికి ఇంతే, చేతికి రావడానికి చాలా కాలం పడుతుంది. మా యార్డులో డ్రమ్ములు నిలబెట్టి వాటి మధ్యలోకి తీయించేవారు. పొడుగు ట్రైలర్ కష్టమని అందరూ అనుకుంటారు గానీ, పొట్టిదే తొందరగా మెలిక పడుతుంది. పొడుగుది నిదానంగా తిరుగుతుంది, సరిదిద్దుకోవడానికి టైమిస్తుంది. ట్రైనర్ ఒక్కటే రూలు పెట్టారు: అనుమానం వస్తే దిగి చూడు. ఎన్నిసార్లు దిగినా ఎవరూ నవ్వకూడదు. నవ్వినవాడికి ఆ రోజు గ్రీజు పని. ఈ ఒక్క భాగం కోసమైనా చేరొచ్చంటాను.

ఆ తర్వాత సీనియర్ పక్కన లైను మీదికి పంపుతారు. ఇక్కడ మీ అదృష్టం. నాకు దొరికింది కావలి ఆయన, అందరికీ బాబాయే. బెంగళూరు నుంచి పలమనేరు మీదుగా వస్తుంటే మొగిలి ఘాట్ ముందు బండి పక్కకు ఆపించి, "న్యూట్రల్‌లో దించితే డీజిల్ మిగులుతుందని ఎవడైనా చెప్పాడా?" అని అడిగారు. చెప్పారన్నాను. గేరులో దిగుతూ యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే ఇప్పటి ఇంజన్లలో డీజిల్ పోవడమే ఆగుతుంది, న్యూట్రల్‌లో అయితే ఇంజను ఆగిపోకుండా కొంత తాగుతూనే ఉంటుంది. అంటే మిగిలేదేమీ లేదు. పైగా పొగ దారి మూసి ఇంజనుతోనే వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు న్యూట్రల్‌లో పనికిరాదు, భారమంతా చక్రాల బ్రేకుల మీద పడుతుంది, అవి కాలి పట్టు వదిలేస్తాయి. ధర్మపురి, సేలం మధ్య తొప్పూరు ఘాట్‌లో లారీల ప్రమాదాలు ఎందుకంత ఎక్కువో అప్పుడు అర్థమైంది. ఎక్కేటప్పుడు ఏ గేరు పడుతుందో దిగేటప్పుడూ దాదాపు అదే వెయ్యమన్నారు. అంతకంటే మంచి పాఠం ఆ ట్రైనింగ్ మొత్తంలో లేదు. కానీ మా బ్యాచ్‌లో ఇంకొకరికి దొరికిన సీనియర్, దారి పొడుగునా అతని చేత టీ తెప్పించుకుని, టార్పాలిన్ కట్టించుకుని, స్టీరింగ్ మాత్రం ఇవ్వలేదట. ఎవరు దొరుకుతారో కంపెనీ చేతిలో ఉంది, మన చేతిలో లేదు. అడిగితే మారుస్తారు, అడగడానికి కొత్తవాడికి నోరు రాదు, అంతే.

ఇక నేర్పనివి. ఈ-వే బిల్లు అని లోడుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ కాగితం డ్రైవర్ మెడకే చుట్టుకుంటుంది. మామూలు లోడుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. చెన్నై నుంచి విజయవాడకు మూడు రోజులు వస్తుంది, బాగానే ఉంటుంది. కానీ బండి చెడి గూడూరు దగ్గర ఇరుక్కుంటే? గడువు ముగియడానికి ఎనిమిది గంటల ముందు నుంచి, ముగిసిన ఎనిమిది గంటల లోపు పొడిగించుకోవచ్చు. లోడు వేరే బండికి మారితే బిల్లులో బండి నంబరు మార్పించాలి. ఆఫీసుకు అర్ధరాత్రి ఫోన్ చెయ్యాల్సింది మనమే. ఇది క్లాసులో ఒక్క ముక్క చెప్పలేదు.

బీఎస్-6, అంటే కొత్త పొగ నిబంధనల ప్రకారం తయారైన బండ్ల సంగతీ అంతే. సైలెన్సర్ లోపలి ఫిల్టర్‌లో మసి నిండితే డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. ఖాళీ చోట బండి ఆపి, స్విచ్ నొక్కి, ఆ మసి కాలేదాకా ఇంజను ఆడనివ్వాలి. ఆర్‌పీఎం, అంటే ఇంజను తిరిగే వేగం, దానంతట అదే పెరుగుతుంది. కొత్తవాళ్ళు భయపడి ఆఫ్ చేసేస్తారు. పొగను శుభ్రం చేసే యాడ్‌బ్లూ ద్రవం ట్యాంకు ఖాళీ చేసుకున్నా ఇంజను పవర్ తగ్గించేస్తుంది, లోడుతో ఎత్తు ఎక్కదు. మేం నేర్చుకున్న బండ్లు పాతవి, వాటిలో ఇవేవీ లేవు. నేర్చుకుంది ఒకటి, నడిపేది ఇంకొకటి.

పోర్టు క్యూ అయితే ఇంకో లోకం. ఎన్నూరు రోడ్డు మీద ట్రైలర్ల వరుస గంటల తరబడి కదలదు. లోపలికి వెళ్ళాక కంటైనర్ నాలుగు మూలలా దాన్ని ట్రైలర్‌కు బిగించి ఉంచే ట్విస్ట్ లాకులు క్రేను ఎత్తకముందే విప్పాలి. ఒక్కటి మరిచిపోయినా కంటైనర్‌తో పాటు ట్రైలరూ లేస్తుంది. గంటల తరబడి నిద్ర లేకుండా క్యూలో ఉన్నవాడు ఈ నాలుగింటినీ గుర్తు పెట్టుకోవాలి. నిద్ర ఎప్పుడు, ఎక్కడ, ఎలా పోవాలో చెప్పే క్లాసు ఉండాల్సింది అందుకే. అప్పట్లో అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం రోజుకు 8 గంటలు, వారానికి 48 అని క్లాసురూము బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశారు. లైను మీదికి వెళ్ళాక ఆ బోర్డు గురించి ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు డబ్బు, సర్టిఫికెట్. ట్రైనింగ్‌లో ఇచ్చేది తిండికీ దారి ఖర్చుకీ సరిపోతుంది, ఇంటికి పంపడానికి కాదు. ఆ తర్వాత జీతం, బత్తా. ట్రిప్పుకు లెక్క కట్టి డీజిల్ ఇస్తారు, మిగిల్చుకుంటే అది మనకు. బాబాయ్ పాఠం అక్కడ నిజంగా అన్నం పెట్టింది. మధ్యలో మానేస్తే ట్రైనింగ్ ఖర్చు కట్టాలని బాండు రాయించుకుంటారు, దానికి హామీగా పదో తరగతి ఒరిజినల్ సర్టిఫికెట్ పెట్టుకుంటారు. నాది తిరిగి రావడానికి బాండు గడువు అయ్యాక కూడా చాలాసార్లు అడగాల్సి వచ్చింది. ఇది నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు.

మొత్తానికి చేరమనే చెప్తాను, క్లీనర్‌గా మొదలుపెట్టి ఏళ్ళ తరబడి చూసి నేర్చుకోవడం కంటే ఇది నయం. సంతకానికి ముందు మూడు విషయాలు అడగండి: లైను మీద ఏ సీనియర్‌తో పంపుతారు, బీఎస్-6 బండి మీద ఎన్నాళ్ళు నేర్పుతారు, సర్టిఫికెట్ ఏ తారీఖున తిరిగిస్తారు. మూడోది కాగితం మీద రాయించుకోండి. ఇంకోటి, మే నెల బ్యాచ్‌లో మాత్రం చేరకండి. 2025 అక్టోబర్ నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి గానీ ట్రైనింగ్‌కు ఇచ్చేవి పాత బండ్లే, మాధవరం ఎండలో ఆ క్యాబిన్‌లో రివర్స్ నేర్చుకోవడం మనిషి పని కాదు.